పోయినవాళ్ళకు ఫోన్లు

"పోతున్నానమ్మా" అనేసింది భ్రమరాంబ, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. అన్నాక నాలిక కరుచుకుంది గానీ అప్పటికే మాట జారిపోయింది.

"ఏవిటే ఆ మాట? శుభమా అని పొద్దున్నే పోవడవేవిటి? లోపలికి రా. కూచో. కాసిన్ని మంచినీళ్ళు తాగి, వెళ్ళొస్తానని చెప్పి అప్పుడు కదులు" అంది బుల్లెమ్మ గారు, వత్తులు చేస్తున్న చెయ్యి ఆపకుండానే. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. కూతురికి యాభై ఎనిమిది. కోనసీమ వదిలి విశాఖపట్నంలో స్థిరపడి ముప్ఫై ఏళ్ళయినా, పోవడమంటే ఆవిడ నిఘంటువులో ఒక్కటే అర్థం.

దేశంలో క్యాన్సర్ లెక్కలు తెలిసిన పదిమందిలో ఒకరని పేరున్న భ్రమరాంబ బుద్ధిగా వెనక్కి వచ్చింది, కూర్చుంది, నీళ్ళు తాగింది, "వెళ్ళొస్తానమ్మా" అంది. తల్లి దగ్గర ఎంత పెద్ద శాస్త్రజ్ఞురాలైనా ఒకటో తరగతే.

ఆవిడ పనిచేసే తీరం క్యాన్సర్ పరిశోధనశాల కొండవాలు మీద ఉంది. కిటికీ తీస్తే సముద్రం కనిపిస్తుంది. కిటికీ పక్కనే అవధి ఉంటుంది. అవధి ఒక యంత్రం. కమిటీ వాళ్ళు మూడు నెలలు ఆలోచించి ఆ పేరు పెట్టారు. క్యాంటీన్ వాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి "చిత్రగుప్తుడు" అన్నారు. ఆ పేరే నిలిచింది.

ఎనిమిదేళ్ళ కిందట దానికి నలభై లక్షల మంది రోగుల కాగితాలు చదివించారు. డాక్టర్ల రాతలు, నర్సుల గీతలు, ఇళ్ళకు వెళ్ళి రోగి ఎలా ఉన్నాడో చూసి వచ్చే ఆరోగ్య కార్యకర్తల చిట్టీలు, అన్నీ. ఆ తరవాత వచ్చినవి కూడా అది చదువుతూనే ఉంది. ఇప్పుడు కొత్త రోగి వచ్చి ఒక నెత్తురు చుక్క ఇచ్చి, గట్టిగా ఊపిరి వదిలి, రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. టీ చల్లారే లోపల తెర మీద ఒక గీత గీస్తుంది. ఇలాంటివాళ్ళే వందమంది ఉంటే ఏ నెలకి ఎంతమంది మిగులుతారో చెప్పే గీత అది. ఒకరు చనిపోయినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఎవరైనా కబురు లేకుండా మాయమైతే మెట్టు దిగదు, గీత మీద చిన్న నిలువు గాటు పడుతుంది. ఇంతవరకూ బతికే ఉన్నారు, ఆ తరవాత మనకి తెలియదు అని ఆ గాటుకి అర్థం.

ఈ గీత మీద ఇప్పుడొక ప్రాణం వేలాడుతోంది. పరిశోధనశాలలో కణవిద్య అని ఒక చికిత్స ఉంది. రోగి నెత్తుట్లోని కణాలను తీసి, శత్రువు ఎవడో వాటికి నేర్పి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. నేర్పడానికి ఐదు నెలలు పడుతుంది. ఒక్కో విడతలో ఆరుగురికే వీలు. అందుకని ఆరు నెలలైనా బతుకుతారని అవధి చెప్పినవాళ్ళనే తీసుకుంటారు. ఐదుగురు కుదిరారు. ఆరో పేరు సోమవారం తేల్చాలి. కమిటీ ముందున్న పేరు నర్సవ్వది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు, నలభై ఆరేళ్ళు, రొమ్ము క్యాన్సర్. అవధి ఆమెకిచ్చింది నాలుగున్నర నెలలు.

గురువారం పొద్దున భ్రమరాంబ ఆ గీతను చూస్తూ చాలాసేపు కూర్చుంది. నర్సవ్వ నిన్ననే లిఫ్టు పాడైతే మూడంతస్తులు నడిచి ఎక్కింది. ఆయాసపడింది నర్సవ్వ కాదు, ఆమెకి దారి చూపిన భ్రమరాంబ.

"అవధీ, ఈవిడకి నాలుగున్నర నెలలేనని ఎందుకన్నావు?" అని అడిగింది.

"ఆకలి బాగుంది. నడక బాగుంది. మొదటి చికిత్స తరవాత రెండు కిలోలు బరువు పెరిగింది. అందువల్ల" అంది అవధి, వార్తలు చదివే గొంతుతో.

యంత్రం వేళాకోళం నేర్చిందా అనుకుంది భ్రమరాంబ. సరే చూద్దామని, ఆకలి లేదని మార్చి గీయమంది. గీత పదకొండు నెలలకి లేచింది. మంచం దిగడం లేదని రాసింది. రెండేళ్ళకి లేచింది. అంటే ఈవిడ మంచాన పడితే రెండేళ్ళు, మెట్లెక్కితే నాలుగు నెలలు! అమలాపురం రోగి కాగితం తీసి అవే మార్పులు చేసింది. అక్కడ గీత బుద్ధిగానే ఉంది, ఆకలి తగ్గితే దిగింది. శ్రీకాకుళం రోగికీ అంతే. జగిత్యాల, ఆ చుట్టుపక్కల మరో మూడు జిల్లాల దగ్గరికొచ్చేసరికి మాత్రం అవధికి పిచ్చెక్కుతోంది.

"ఆ నాలుగు జిల్లాల్లో ఏమయింది?"

"మొదటి చికిత్స ముగిసిన ఆరు నెలల్లోపు సగానికి పైగా పోయారు. అందులోనూ కోలుకున్నవాళ్ళే ఎక్కువగా పోయారు."

కోలుకున్నవాళ్ళు పోవడమేమిటి? భ్రమరాంబకి బుర్ర తిరిగింది. బుర్ర తిరిగినప్పుడు ఆవిడ చేసే పని ఒకటే, క్యాంటీన్‌కి వెళ్ళడం.

అక్కడ నర్సవ్వ కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ తింటోంది. రెండు ఖాళీ ప్లేట్లు పక్కన ఉన్నాయి, చేతిలో ఉన్నది మూడోది. నుదుట రూపాయంత బొట్టు. అవతల టేబుల్ దగ్గర పోశెట్టి టీ తాగుతున్నాడు. జగిత్యాల వైపు ఇరవై రెండేళ్ళుగా రోగుల ఇళ్ళకు తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఈ విడత రోగులను రైల్లో తీసుకొచ్చింది అతనే.

భ్రమరాంబ ఉప్మా తెచ్చుకుని నర్సవ్వ ఎదురుగా కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీ ఆయన రాలేదామ్మా?" అంది.

"అచ్చిండు మేడం. నన్ను ఈడ దించిండు. మొన్న మంగళారం పోయిండు."

భ్రమరాంబ చేతిలో చెంచా ఆగిపోయింది. "అయ్యో తల్లీ! ఇక్కడే? మాకెవరూ చెప్పలేదే! ఎలా జరిగిందమ్మా?"

"ఎట్లేంది మేడం, రైలుకు పోయిండు."

"రైలు కిందా!"

నర్సవ్వ ఇడ్లీ నమలడం ఆపి ఆవిడని ఎగాదిగా చూసింది. "కింద గాదు మేడం, రైలు లోపల్నే. కింద పడి పోతరా ఎవలన్న? సీటు సుత దొరికింది. మ్యాక ఈనేటట్టున్నదని సూడవోయిండు. ఐతారం మల్ల అస్తడు."

భ్రమరాంబ బొట్టు వంక చూసింది, మెడలో పుస్తెల తాడు వంక చూసింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగా పొద్దున అమ్మ మాట గుర్తొచ్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఉప్మా వదిలేసి, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళని లెక్కచెయ్యకుండా మెట్లవైపు పరుగెత్తింది. "మేడంకు ఏమైంది అన్నా?" అని నర్సవ్వ అడగడం, "ఏమో చెల్లె, నేను సూసొస్త" అంటూ పోశెట్టి వెనకాలే రావడం ఆవిడకి లీలగా వినిపించాయి.

"అవధీ! ఆ నాలుగు జిల్లాల చిట్టీల్లో 'పోయిండు' అని ఉంటే ఏమని రాసుకున్నావు?"

"మరణం అని. మీరు నేర్పిన పదకొండు మాటల్లో అది మొదటిది."

అవును, తనే నేర్పింది. ఎనిమిదేళ్ళ కిందట అవధి పసిగుడ్డుగా ఉన్నప్పుడు, చావును తెలుగువాళ్ళు ఎన్ని రకాలుగా చెబుతారో జాబితా రాసిచ్చింది తనే. కాలం చేశారు, కన్నుమూశారు, దక్కలేదు, ఇలా పదకొండు. అన్నిటికన్నా పైన, పోయారు. పోయాడు, పోయింది అన్నవాటి పక్కనే పోయిండు కూడా చేర్చి, అన్ని ప్రాంతాల యాసలూ పట్టించుకున్నామని సభలో గొప్పగా చెప్పుకుంది. చప్పట్లు కూడా కొట్టారు. అవధి సరిగ్గా చెబుతోందో లేదో పరీక్షించినవాళ్ళు ఆ జాబితాతోనే పరీక్షించారు. పాఠం చెప్పిన పంతులే ప్రశ్నపత్రం రాసి, పంతులే దిద్దితే తప్పెక్కడ దొరుకుతుంది?

గుమ్మంలో నిలబడ్డ పోశెట్టిని లోపలికి పిలిచింది. "పోశెట్టి గారూ, రోగి చనిపోతే మీరు చిట్టీ మీద ఏమని రాస్తారు?"

"సచ్చిపోయిండంటె మర్యాదుండదు గద మేడం. తీరిపోయిండు అని రాస్త. కాలం జేసిండు అని రాస్త."

"మరి పోయిండు అని రాస్తే?"

"పోయిండంటె పోయిండు" అన్నాడు పోశెట్టి, ఇదేం ప్రశ్న అన్నట్టు. "బొంబాయికో, భీవండికో, దుబాయికో. పానం జర మంచిగైతే సాలు, మావోళ్ళు పనికి పోతరు. నేను ఇంటికి పోత. తాళముంటది. పక్కింటోళ్ళు పోయిండంటరు. రాసిన. యాడికి పోయిండో రాద్దామంటె మీ కాయితంల జాగ యాడున్నది?"

భ్రమరాంబ ఒక పాత చిట్టీ తీసి చూసింది. చిట్టీలో నిజంగానే ఆ చోటు లేదు. బాగైనవాడు మూటాముల్లె సర్దుకుని పనికి వెళ్ళాడు. వెళ్ళినవాడిని అవధి చంపేసింది. మంచంలో ఉన్నవాడు ఎక్కడికీ పోలేదు గనక బతికినట్టు లెక్క. అందుకే అది ఆకలిని చూసి జడుసుకుంటోంది, మెట్లెక్కే కాళ్ళను చూసి మెట్లు దిగుతోంది.

"నేను రాసింది తప్పా మేడం?" అన్నాడు పోశెట్టి.

"కాదండీ. మీరు సరిగ్గానే రాశారు. నాకే తెలుగు రాదు" అంది భ్రమరాంబ.

ఆ నాలుగు జిల్లాల్లో నర్సవ్వలా మొదటి చికిత్సతో కోలుకుని, చిట్టీలో 'పోయిండు', 'పోయింది' అని పడినవాళ్ళు నాలుగు వందల పన్నెండుమంది తేలారు. సోమవారం లోపల అందరి సంగతీ కనుక్కోవాలి. పరిశోధనశాలలో ఉన్న తొమ్మిదిమందినీ, పోశెట్టినీ కూర్చోబెట్టి తలొక పేజీ పంచింది. ఏమని మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. చచ్చిపోయినవాళ్ళకి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. పెద్దది కనక మొదటి ఫోన్ భ్రమరాంబే చేసింది. రాజేశం, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఏడేళ్ళ కిందట మరణం.

అవతల ఎవరో ఫోన్ తీశారు. పెద్ద చప్పుడు, టకటకా టకటకా.

"హలో! ఎవలు? సాంచెల సప్పుడుల ఇనవడ్తలేదు, గట్టిగ జెప్పుండ్రి!"

"రాజేశం గారు... ఉన్నారా అండీ?"

"ఉన్న! నేనే!"

"మీరు ఉన్నారా?" అంది భ్రమరాంబ.

"ఉన్ననని జెప్తున్న గద! ఎవలు మీరు?"

ఆవిడ చెప్పింది. తప్పు తమదేనని చెప్పింది, మా పుస్తకంలో మీరు ఏడేళ్ళ కిందటే చనిపోయారండీ అని కూడా చెప్పింది. అవతల మరమగ్గాలు కాసేపు ఆడాయి. తరవాత రాజేశం, "గట్లనా? మా ఇంటిదానికి మాత్రం జెప్పకుండ్రి మేడం, మల్ల పెండ్లి జేస్కుంటది" అని పగలబడి నవ్వాడు.

భ్రమరాంబ ఫోన్ పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రాసుకో అవధీ. రాజేశం ఉన్నాడు" అంది. తెర మీద ఒక మెట్టు పూడిపోయింది. గీత వెంట్రుక వాసి పైకి లేచింది.

ఇక ఆ గదిలో పండగే. "ఎల్లవ్వ ఉంది! బొంబాయిలో టిఫిన్ సెంటర్ పెట్టింది!" "గంగమల్లు ఉన్నాడు! దుబాయి నుంచి వచ్చేశాడు, ఇప్పుడు సర్పంచి!" ఒకాయన ఫోన్ ఎత్తగానే తిట్లు లంకించుకున్నాడు, పడుకునే వేళ ఫోనేమిటని. ఆ తిట్లను స్పీకర్‌లో పెట్టి అందరూ ముచ్చటపడి విన్నారు. ఒక మనిషి దొరికినప్పుడల్లా క్యాంటీన్ నుంచి తెచ్చిన స్టీలు పళ్ళేన్ని గరిటెతో మోగించారు. శుక్రవారం మధ్యాహ్నానికి పళ్ళెం సొట్టపోయింది. చప్పుడేమిటని చూడటానికొచ్చిన నర్సవ్వ విషయం విని, రోగినన్న సంగతి మరిచి ఒక పేజీ తీసుకుని కూర్చుంది. అందరికన్నా ఎక్కువమందిని పట్టుకున్నది ఆమే. ఆ ఊళ్ళలో ఎవరి మేనమామ ఎవరో, ఎవరి అల్లుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఆమెకి కంఠతా వచ్చు.

అన్ని ఫోన్లూ పళ్ళెం మోగించలేదు. శనివారం సాయంత్రానికి లెక్క తేలింది. రెండు వందల తొంభై ఆరుగురు బతికున్నారు. అరవైమంది నిజంగానే తీరిపోయారు. మిగిలిన యాభై ఆరుగురి కబురు దొరకలేదు. వాళ్ళ దగ్గర అవధి మెట్లు తీసేసి చిన్న గాట్లు పెట్టింది.

ఇంకొక లెక్క కూడా ఉంది. దాన్ని భ్రమరాంబ ఎవరికీ అప్పగించలేదు. గీత పొట్టిదని కణవిద్య దక్కనివాళ్ళు ఈ ఎనిమిదేళ్ళలో ఆ నాలుగు జిల్లాల నుంచి ఇరవై ముగ్గురు. తొమ్మిదిమంది ఇంకా ఉన్నారు. పద్నాలుగుమంది లేరు. వైద్యం అందితే అందరూ బతికేవారని చెప్పలేం. ఎవరూ బతికేవారు కాదనీ చెప్పలేం.

ఆ రాత్రి తల్లితో ఆ మాటే చెప్పి ఏడ్చింది. బుల్లెమ్మ గారు వత్తులు పక్కన పెట్టి కూతురి తల నిమిరింది. "తప్పు చేసిందానివి నువ్వే, పట్టుకున్నదానివీ నువ్వే. దాచావా, అప్పుడు పాపం. వెళ్ళి చెప్పు" అంది.

ఆదివారం నర్సవ్వ భర్త దిగాడు. మేక రెండు పిల్లలు పెట్టిందట. "పోయినాయన వచ్చాడమ్మా!" అని భ్రమరాంబ ఎదురెళ్ళి అంత సంబరంగా పలకరిస్తుంటే ఆయన కంగారుపడి, ఈ మేడంకి ఏమైంది అన్నట్టు పెళ్ళాం వంక చూశాడు.

సోమవారం కమిటీ ముందు భ్రమరాంబ నిలబడింది. ముందు ఆ పద్నాలుగుమంది పేర్లూ ఒక్కొక్కటే చదివింది. తరవాత, "వీళ్ళ గీతలు నా మాట వల్ల పొట్టివయ్యాయి. యంత్రం తప్పు కాదు, రాసినవాళ్ళ తప్పు కాదు" అని చెప్పి, రాజీనామా కాగితం బల్ల మీద పెట్టింది.

కమిటీ పెద్ద డాక్టర్ అప్పలస్వామి ఆ కాగితాన్ని చదవకుండానే తిరగేశాడు. "ఇంకా పది మాటలున్నాయి కదమ్మా నీ జాబితాలో. అవి ఎవరు సరిచేస్తారు? బతికున్న ఆ తొమ్మిదిమందిని ఎవరు పిలుస్తారు? ఈ వెనకవైపు తెల్లగా ఉంది, కొత్త చిట్టీ ఎలా ఉండాలో దీని మీదే గీసియ్యి" అన్నాడు. ఆవిడ గీసింది. 'పోయిండు' పక్కన వేలెడు ఖాళీ చోటు పెట్టి, పైన 'యాడికి?' అని రాసింది.

తరవాత అవధి చేత కొత్త గీత గీయించింది. నాలుగున్నర నెలల దగ్గర చతికిలపడ్డ గీత, కణవిద్య లేకపోయినా రెండున్నరేళ్ళ దాకా నడిచింది. ఆరో పేరు నర్సవ్వదే. ఆ కబురు చెప్పడానికి భ్రమరాంబ వార్డుకి తనే వెళ్ళింది.

"అమ్మా, మీ గీత పైకి..." అని, పోయింది అనబోయి, నాలిక మడిచి, "పైకి లేచింది" అంది.

"పైకి పోయిందా?" అంది నర్సవ్వ. క్షణం ఆగి భర్త వంక, పోశెట్టి వంక చూసింది. ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. వార్డులో మిగతా రోగులకి ఆ నవ్వెందుకో తెలియలేదు గానీ వాళ్ళూ నవ్వారు.

మూడేళ్ళు గడిచాయి. పిలిపించిన తొమ్మిదిమందిలో ఏడుగురు కణవిద్య చదివిన నెత్తురుతో తిరుగుతున్నారు. బుల్లెమ్మ గారికి ఎనభై ఏడు. ఇప్పుడామె ఎదురింటి పిల్లలకి కూడా వెళ్ళొస్తానని చెప్పడం నేర్పుతోంది. చిట్టీలు కాగితం మీద రాయడం మానేశారు. కార్యకర్తలు ఊళ్ళ నుంచి అవధికే ఫోన్ చేసి చెబుతున్నారు.

ఒక బుధవారం పొద్దున భ్రమరాంబ కిటికీ తీస్తుండగా పోశెట్టి ఫోన్ వచ్చింది. అవధి స్పీకర్‌లో అతని గొంతు వినిపించింది. "రాసుకో. నర్సవ్వ పోయింది."

అన్నీ తెలిసిన భ్రమరాంబ గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. కోనసీమ గుండె, మూడేళ్ళలో ఏం మారుతుంది? కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అవధి మాత్రం తొణకలేదు. వార్తలు చదివే గొంతుతోనే, నేర్చుకున్న యాసలో అడిగింది.

"యాడికి?"

"భీవండికి. మనుమరాలి తొట్టెల పండుగకు. నిన్న పొద్దుగాల్నే ఆలుమొగలిద్దరు రైలెక్కిన్రు."

"మల్ల ఎప్పుడస్తది?"

"ఐతారం."

తెర మీద నర్సవ్వ గీత ఒక్క మెట్టూ దిగకుండా సాగింది. భ్రమరాంబ కిటికీ తలుపు బార్లా తీసి, నవ్వుకుంటూ టీ తాగడానికి క్యాంటీన్‌కి పోయింది.